మైనస్‌లు మింగే మిషన్

ఆ బడిలో సిరా అత్త అంటే తెలియని పిల్ల లేదు. ఆవిడకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది. హాజరు పుస్తకంలో భద్రంగా ఉంది, అక్కడే ఉండనిద్దాం. మెట్ల కింద ఇరుకు గదిలో కాపీలు తీసే పాత మిషన్‌ను నడిపేది ఆవిడే. అందులో పోసే నల్లపొడి ఆవిడ మోచేతుల దాకా అంటుకుని ఉంటుంది, ముక్కు దురద పెట్టిన రోజున ముక్కు మీద కూడా. మరి పిల్లలు ఆ పేరు పెట్టక ఇంకేం పెడతారు?

చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. భర్త పోయిన ఏడాదే అటెండరుగా చేరి, ఇరవై రెండేళ్ళుగా ఆ బడిలోనే ఉంది. గంట కొట్టాలి, బల్లలు సర్దాలి, నోటీసు పుస్తకం పట్టుకుని గది గదికీ తిరిగి టీచర్ల చేత సంతకాలు పెట్టించాలి, కాపీలు తీయాలి. ఇన్ని పనుల్లోనూ ఆవిడ ప్రాణం కాపీల గదిలోనే ఉండేది. ఎండాకాలంలో ఆ గదిలో ఉడికిపోవాల్సిందే, ఫ్యాను ఉందంటే ఉంది. అయినా పొమ్మన్నా పోదు. దానికి కారణం లెక్కల మాస్టారు.

ఆయన ప్రతి శుక్రవారం పదో తరగతికి ఒక అభ్యాసపత్రం ఇచ్చేవారు. తెల్లకాగితం మీద నీలం సిరాతో స్వయంగా రాసేవారు. పది లెక్కలు, అన్నీ ఒకే బాపతు. ఒక్కో లెక్కలో రెండు సమీకరణాలు, వాటిలో తెలియని సంఖ్యలు రెండు, ఎక్స్, వై. ఒకదాన్ని తొలగిస్తే రెండోది బయటపడుతుంది. ఇలాంటివి అచ్చు పుస్తకాల్లో బోలెడున్నాయి కదా అని ఎవరైనా అంటే, "ఉన్నాయి. వెనక పేజీలో జవాబులు కూడా ఉన్నాయి. మనవాళ్ళు వెనక పేజీయే ముందు చదువుతారు," అనేవారు.

చేరిన కొత్తలో ఒకరోజు కాపీలు తీస్తూ సిరా అత్త అడిగింది. "ఏంటి మాస్టారూ ఇది, అంకెల మధ్యలోకి అక్షరాలు దూరాయి?"

ఇంకొకరైతే నీకెందుకమ్మా అని కాగితాలు తీసుకుని పోయేవారు. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"పరీక్షల హాల్లో బల్లలు వేసేది నువ్వే కదమ్మా. మూడు పెద్ద బల్లలూ రెండు చిన్న బల్లలూ వేస్తే ఇరవై ముగ్గురు పిల్లలు పట్టారు. మూడు పెద్దవీ నాలుగు చిన్నవీ వేస్తే ముప్పై ఒక్కరు పట్టారు. ఏ బల్లకి ఎందరు?"

ఆవిడ కాసేపు గోడకేసి చూసింది. "రెండుసార్లూ పెద్దవి మూడే కదండీ."

"అయితే?"

"మరి వాటి గొడవ మనకెందుకు? పక్కకి లాగేద్దాం. రెండు చిన్న బల్లలు ఎక్కువేస్తే ఎనిమిది మంది ఎక్కువ పట్టారు. అంటే చిన్నదానికి నలుగురు. పెద్దదానికి..." వేళ్ళు మడిచింది. "అయిదుగురు."

"అంతే. ఆ లాగెయ్యడానికే తొలగింపు పద్ధతి అని పెద్ద పేరు పెట్టారు. ఈ మాత్రానికి మా పిల్లలు ఏడ్చి చస్తున్నారు," అన్నారు మాస్టారు.

ఆ సాయంత్రం ఆవిడ కాళ్ళు నేలమీద ఆనలేదు. ఇంటికి వెళ్ళి అత్తగారికి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. కొడుకును పోగొట్టుకున్న అత్తగారు, మొగుణ్ణి పోగొట్టుకున్న కోడలు. రోజంతా ఒకరినొకరు దెప్పుకుంటారు, ఒకరు తినందే ఇంకొకరు తినరు. అత్తగారు బల్లల కథ అంతా విని, "ఇరుక్కుని కూర్చుంటే ఆరుగురు పట్టరూ?" అంది.

మాస్టారి పనితీరు తమాషాగా ఉండేది. జవాబు ముందు, లెక్క తర్వాత. ఎక్స్ అయిదు, వై నాలుగు అని ముందే మనసులో అనుకుని, అవి వచ్చేటట్టు సమీకరణాలు అల్లేవారు. అందుకే ఆయన లెక్కలకు ఎప్పుడూ పూర్ణసంఖ్యలే వచ్చేవి. పద్ధతి నేర్చుకునే పిల్లను భిన్నాలతో చంపకూడదని ఆయన వాదం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇక మిషన్ సంగతి. ఆవిడ చేరిన రెండేళ్ళకే దాని పొట్టలో ఎక్కడో ఏదో అరిగిపోయింది. బాగుచేసే అతను వచ్చి చూసి, "వయసైపోయిందమ్మా. సన్నగీతలు ఆనవు దీనికి," అని చేతులు దులుపుకుని పోయాడు. లెక్కల్లో సన్నగీత అంటే మైనస్. మైనస్ పడకపోతే లెక్క మొత్తం గంగలో కలిసినట్టే. అందుకని మాస్టారు రాసి తెచ్చిన కాగితం మీద ఒక్కో మైనస్‌నీ సిరా అత్త నల్ల పెన్నుతో లావుగా దిద్ది, ఆ తర్వాతే మిషన్‌లో పెట్టేది. కాపీలో నీలమూ నలుపూ ఒకే రంగుగా పడతాయి కాబట్టి పిల్లలకు తేడా తెలిసేది కాదు. ఒకసారి మాస్టారే తన కాగితం మీద ఆ నల్లగీతలు చూసి ఏమిటివి అని అడిగారు.

"మిషన్ మైనస్‌లు మింగేస్తోంది మాస్టారూ. కాస్త దిద్దాను," అంది.

"దిద్దు, దిద్దు. దాని ఆకలి తగలెయ్య," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

దిద్దాలంటే ఏది మైనసో, ఏది కాగితం మీది నలకో తెలియాలి. అది తెలియాలంటే లెక్క చేసి చూడాలి. అలా చెడిపోయిన కాపీల వెనకవైపున ఆవిడ లెక్కలు చేయడం మొదలుపెట్టింది. వారానికి పది చొప్పున ఇరవై ఏళ్ళు. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఏముంది, పెద్ద ఘనకార్యమా అనుకుంది. నన్నడిగితే ఘనకార్యమే.

మాస్టారు రిటైరయ్యే ఏడాది, బడి తెరిచిన రెండో నెలలో, ఒక శుక్రవారం నాలుగో లెక్కకు భిన్నం వచ్చింది. మళ్ళీ చేసింది. మళ్ళీ భిన్నమే. మాస్టారి లెక్కకు భిన్నం రావడమేమిటి? కాగితం తిప్పి తిప్పి చూస్తే, ఎనిమిది ఉండాల్సిన చోట మూడు ఉన్నట్టనిపించింది. ఎనిమిది అనుకుని చేస్తే లెక్క పువ్వులా విడిపోయింది. పెద్దవాళ్ళకు పొరపాటు సహజం అనుకుని, నల్ల పెన్నుతో మూడును ఎనిమిదిగా దిద్ది కాపీలు తీసేసింది.

తర్వాత రెండు వారాలకు రెండు తప్పులు. అర్ధ సంవత్సరం పరీక్షలయ్యేసరికి మూడు. మాస్టారు కాగితాన్ని ముక్కుకు ఆనించుకోవడం, మాటిమాటికీ కిటికీ దగ్గరకు వెళ్ళడం, చివరి మెట్టును కాలితో తడుముకుని దిగడం ఆవిడ చూస్తూనే ఉంది. ఇవన్నీ ఇంట్లో ఒకసారి చూసినవే. అత్తగారి కళ్ళలో శుక్లాలు వచ్చినప్పుడు అచ్చం ఇలాగే ఉండేది.

"మరి ఆయనతో చెప్పొచ్చు కదే," అంది అత్తగారు.

"ఎలా చెప్పను అత్తయ్యా? చిన్నబుచ్చుకుంటారు."

"ఆయన కళ్ళు, ఆయన గోల. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

రేపో మాపో చెప్పేదేమో. ఈలోగా పెద్ద మేడమ్ గదిలోకి మంచినీళ్ళు తీసుకెళ్తే ఒక మాట చెవిన పడింది. పెద్ద మేడమ్ అంటే బడికి ప్రధానోపాధ్యాయురాలు, వచ్చి ఏడాదయింది, ఖచ్చితమైన మనిషి. ఫోనులో ఎవరితోనో అంటున్నారు. "మాస్టారికి చూపు ఆనడం లేదని తల్లిదండ్రులు నాలుగుసార్లు చెప్పారు. పదో తరగతితో ఆటలాడలేం. ఆయన ఇచ్చే కాగితాల్లో ఒక్క తప్పు కనబడితే చాలు, ఆరో తరగతికి మార్చేస్తాను."

ముప్పై నాలుగేళ్ళు పదో తరగతికి చెప్పిన మనిషి. ఇంకా నాలుగు నెలలుంది. ఆ నాలుగు నెలలూ ఆరో తరగతిలో ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ కూర్చోమంటే ఆయన ప్రాణం ఏమైపోతుంది? నీళ్ళ గ్లాసు బల్లమీద పెట్టేలోపే సిరా అత్త నిశ్చయించుకుంది. ఆయన కాగితంలో తప్పు కనబడదు. కనబడనివ్వదు.

అప్పటినుంచి శుక్రవారం అంటే యుద్ధమే. గంటకూ గంటకూ మధ్య దొరికిన పది నిమిషాల్లో లెక్కలు చేసేది. ఒకటిని ఏడు చేసేది, సున్నాను ఆరు చేసేది, ప్లస్ నిలువుగీతను తెల్లసిరాతో చెరిపి మైనస్ చేసేది. తరగతిలో మాస్టారు జవాబులు నోటితోనే చెప్పేవారు, అవి పిల్లల జవాబులతో సరిపోయేవి. తన రాత బాగానే ఉందని ఆయన నమ్మకం.

పరీక్షలకు నెల ఉందనగా ఒక శుక్రవారం, ఆవిడ గంట కొట్టడానికి వెళ్ళినప్పుడు మాస్టారు కాగితం మిషన్ మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆవిడ వచ్చి కూర్చుని వరుసగా చేసుకుంటూ పోయింది. అయిదు తప్పులు దొరికాయి, దిద్దింది. ఏడో లెక్క దగ్గర ఆగింది. రెండు ఎక్స్‌లు, ఒక వై కలిస్తే పద్నాలుగు. నాలుగు ఎక్స్‌లు, రెండు వైలు కలిస్తే ముప్పై. మొదటిదాన్ని రెట్టింపు చేసి తీసేసింది. ఎక్స్ పోయింది. వై కూడా పోయింది. సున్నా సమానం రెండు అని మిగిలింది.

సున్నా ఎక్కడైనా రెండవుతుందా? ఇన్నాళ్ళూ భిన్నాలే వచ్చేవి, ఇప్పుడు లెక్క మొత్తానికే మాయమైపోతోంది. పాపం, చూపు ఎంత పాడైపోయిందో అనుకుంది. రెండు వైలను మూడు వైలు చేసి చూస్తే ఎక్స్ ఆరు, వై రెండు, చక్కగా వచ్చాయి. హమ్మయ్య అనుకుని రెండును మూడుగా దిద్ది, నలభై కాపీలు తీసేసింది.

సోమవారం నోటీసు పుస్తకం పట్టుకుని పదో తరగతి గుమ్మం దగ్గరకు వెళ్ళేసరికి, వెనక బల్లమీద పెద్ద మేడమ్ కూర్చుని ఉన్నారు. చేతిలో అదే అభ్యాసపత్రం. అన్నీ దిద్దానులే అని సిరా అత్త ధైర్యం చెప్పుకుంది.

"ఏడో లెక్క ఎవరెవరు చేశారు?" అని అడిగారు మాస్టారు. ఆయన ముఖంలో చిలిపితనం ఉంది.

చేతులన్నీ లేచాయి. ముందు బల్లలో ఉన్న రెండు జడల పిల్ల నిలబడి, "ఎక్స్ ఆరు, వై రెండు మాస్టారూ," అంది.

"కాదమ్మా, మళ్ళీ చూడు. దానికి జవాబు ఉండదు. ఉండకూడదనే ఇచ్చాను."

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్ద మేడమ్ తన కాగితం వంక చూసి, నెమ్మదిగా, "నాకూ ఆరూ రెండే వచ్చాయి మాస్టారూ," అన్నారు. ఆవిడ కసురుకున్నా బాగుండేది. ఆ నెమ్మదితనమే భయంగా ఉంది.

మాస్టారు ఒక కాపీ తీసుకుని కిటికీ దగ్గరకు వెళ్ళారు. ముక్కుకు ఆనించుకుని చూశారు. "నేను అలా రాయలేదే," అన్నారు, ఎవరితోనో కాదు, తనలో తాను.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు చూశారా, అదీ సంగతి. మాస్టారు కావాలనే ఇచ్చిన లెక్కను ఆవిడ తప్పనుకుని దిద్దింది. ఇప్పుడు పోయింది చూపు కాదు, మతి అనుకుంటారు అందరూ. నోరు మూసుకుంటే ఆవిడ ఉద్యోగానికి ఢోకా లేదు. ఆయన మాత్రం ఆ కిటికీ దగ్గర అలాగే నిలబడి ఉంటారు.

"ఏడో లెక్క నేను మార్చాను మేడమ్," అంది సిరా అత్త గుమ్మంలోంచి.

గది మొత్తం వెనక్కి తిరిగింది.

"నువ్వా?" అన్నారు పెద్ద మేడమ్. "నువ్వెందుకు మార్చావు?"

"చేసి చూశానండీ. సున్నా సమానం రెండు అని వచ్చింది. అలా రాకూడదు కదా, ఎక్కడో రాతలో తప్పు పడిందనుకున్నాను. రెండుని మూడు చేశాను."

మాస్టారు కిటికీ దగ్గర నుంచి వచ్చారు. కోపంగా ఉన్నారో ఏమో తెలియలేదు. "సున్నా సమానం రెండు దాకా వెళ్ళావా?"

"వెళ్ళాను మాస్టారూ."

"ఇలా రా. బోర్డు మీద చెయ్యి."

నోటీసు పుస్తకం చంకలో పెట్టుకునే ఆవిడ బోర్డు దగ్గరకు వెళ్ళింది. చాక్‌పీసు తీసుకుని ఒక ఎక్స్ రాసింది, వెంటనే చెరిపేసింది. మాస్టారు పక్కకు వచ్చి, "బల్లలమ్మా," అన్నారు మెల్లిగా. ఆ ఒక్క మాట చాలింది.

"రెండు పెద్ద బల్లలూ ఒక చిన్న బల్లా వేస్తే పద్నాలుగు మంది పట్టారు," అంది పిల్లలతో. "వాటికి రెట్టింపు బల్లలు వేస్తే ఎందరు పట్టాలి?"

"ఇరవై ఎనిమిది," అన్నారు పిల్లలు.

"మాస్టారు ముప్పై మందిని పంపించారు. ఇప్పుడు బల్లలన్నీ లాగేస్తే ఏం మిగిలింది? బల్ల ఒక్కటీ లేదు. ఇద్దరు పిల్లలు మిగిలారు."

"మరి ఆ ఇద్దరూ ఎక్కడ కూర్చుంటారు అత్తా?" అంది రెండు జడల పిల్ల.

"ఎక్కడా కూర్చోరమ్మా. అంతమందిని పంపించడమే..." అని ఆగిపోయి మాస్టారి వంక తిరిగింది. అప్పుడర్థమైంది ఆవిడకు. "అదేనా మాస్టారూ జవాబు? చోటు లేదనా?"

"అదే," అన్నారు మాస్టారు. "అన్ని లెక్కలకీ జవాబు వస్తుందనుకుని పరీక్షకి వెళ్ళకూడదని ఇచ్చాను."

పెద్ద మేడమ్ లేచి, "మీరిద్దరూ మధ్యాహ్నం నా గదికి రండి," అని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నానికి ముందే మాస్టారు మెట్ల కింద గదికి వచ్చారు. ఆ ఏడాది అభ్యాసపత్రాల ఫైలు ఆయన చేతిలో ఉంది. స్టూలు మీద కూర్చుని ఫైలు ఆవిడ ముందు పెట్టారు.

"ఏడో లెక్క ఒక్కటే కాదు, అవునా? నా కళ్ళకి తెలియడం లేదు. నువ్వే చూసి చెప్పు. నీలం నాది, నలుపు నీది. ఏ కాగితంలో ఎన్ని?"

"వదిలెయ్యండి మాస్టారూ."

"చదువమ్మా."

చదివింది. మొదట్లో మైనస్‌లే. తర్వాత ఒకటి. రెండు. రెండు. మూడు. నాలుగు. చివరి కాగితం తీసింది. "అయిదు. ఏడోది కాకుండా."

ఆయన ఫైలు మూశారు. "పదింటిలో అయిదు. ఏడాదంతా నీ లెక్కలు పంచి నావనుకున్నానన్నమాట. నాకైనా చెప్పలేదేం?"

"చెబితే పెన్ను కింద పెట్టేస్తారని భయం వేసింది." కళ్ళు తుడుచుకుంటే చెంప మీద కూడా నలుపు అంటింది. "నాతో లెక్క మాట్లాడిన మనిషి ఈ బడిలో మీరొక్కరే. మీరు ఆరో తరగతి గుమ్మంలో కూర్చుంటే చూడలేను మాస్టారూ."

"ఏడో లెక్క మార్చడం తప్పు కాదు. నాకు చెప్పకపోవడం తప్పు."

"తప్పే. మా అత్తగారికీ ఇవే శుక్లాలు. ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తుంది, ఎదురింట్లో ఎవరు ఎవర్ని కసురుకున్నారో కిటికీలోంచి చూసి చెబుతుంది. చేయించుకుంటే పోతుంది కదండీ."

"సెలవు పెడితే తరగతి పోతుందని ఊరుకున్నానమ్మా," అన్నారాయన. ఎవరి భయం వాళ్ళు దాచుకున్నారు, అదీ జరిగింది.

పెద్ద మేడమ్ బల్లమీద ఫైలు పెట్టింది మాస్టారే. నీలం తనదని, నలుపు ఈవిడదని, పదో తరగతి తీసేసినా తనకు అభ్యంతరం లేదని చెప్పారు. మేడమ్ ఒక్కో కాగితమూ తిప్పుతూ చాలాసేపు చూశారు.

"పిల్లల చేతికి వెళ్ళినవాటిలో తప్పులున్నాయా?" అని సిరా అత్తను అడిగారు.

"ఏడో లెక్క ఒక్కటేనండీ. అది నాది."

"ఎవరికీ చెప్పకుండా దిద్దడం ఇదే ఆఖరు," అన్నారు గట్టిగా. తర్వాత మాస్టారి వైపు తిరిగారు. "ఆపరేషన్‌కి మూడు వారాలు సెలవు తీసుకోండి. తిరిగొచ్చి మీ తరగతి మీరు తీసుకోండి. పరీక్ష ముందు వారం పిల్లలకి మీరుండాలి. ఈ మూడు వారాలూ కాగితాలు ఎవరు రాస్తారు?"

"జవాబులు నేను చెబుతాను," అన్నారు మాస్టారు. "లెక్కలు ఈవిడ అల్లుతుంది."

పెద్ద మేడమ్ అటెండరు చేతులకేసి, ముక్కు మీది నలుపుకేసి చూశారు. "సరే. సైన్సు టీచరు ఒకసారి సరిచూస్తారు," అన్నారు.

ఆ మూడు వారాలూ అత్తగారు వంటింట్లోంచి అరుస్తూనే ఉంది, కూర మాడుతోందని. కోడలు కాగితాల్లోంచి తలెత్తితే కదా.

నల్లకళ్ళద్దాలతో మాస్టారు తిరిగొచ్చింది కూడా శుక్రవారమే. ఆ వారం కాగితం సైన్సు టీచరు చూడకముందే ఆయన చేతికిచ్చింది సిరా అత్త. ఆయన కిటికీ దగ్గరకు వెళ్ళలేదు. స్టూలు మీద కూర్చుని, కాగితాన్ని చేతికందినంత దూరంలో పెట్టుకుని, మొదటి లెక్క నుంచి పదో లెక్క దాకా చదివారు. ఆవిడ పరీక్ష రాసిన పిల్లలా కొంగు మెలిపెడుతూ నిలబడింది.

ఆయన జేబులోంచి నీలం పెన్ను తీసి, మూడో లెక్కలో ఒకచోట చిన్నగా గీశారు. కాగితం తిరిగిచ్చేశారు.

"తప్పా మాస్టారూ?"

"ఏం లేదమ్మా. మిషన్ మైనస్‌లు మింగేస్తుంది కదా, కాస్త దిద్దాను."

ఆవిడ కాగితాన్ని వెలుతురులోకి పట్టుకుని చూసింది. ఆ నీలం గీత కింద నల్లగీత లేదు. అక్కడ మైనస్ పెట్టడం ఆవిడ మొత్తానికే మరిచిపోయింది. నవ్వొచ్చింది, కన్నీళ్ళూ వచ్చాయి. కొంగుతో ముఖం తుడుచుకుని, ఆ నీలం గీత మీద నల్ల పెన్నుతో లావుగా దిద్ది, కాగితాన్ని మిషన్‌లో పెట్టింది.